తోటి సిపాయి చెప్పవలసిన సాక్ష్యం

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజులవి. ఒకనాడు ఆయన బజారుకు బయలుదేరారు. వెనుక నుంచి ఒక యువతి వచ్చి ఆయనను కలుసుకుంది. భర్త చనిపోయాడనీ, పిల్లలు ఇంకా చిన్నవాళ్ళనీ, వారికి వండిపెట్టడానికి ఇంట్లో మేక కాలు కూడా లేదనీ, పొలం లేదు పాడి లేదనీ, ఈ కరువులో వాళ్ళు ఏమైపోతారోనని భయంగా ఉందనీ చెప్పుకుంది. ఆ తర్వాత తానెవరో చెప్పింది. తాను ఖుఫాఫ్ బిన్ ఈమా గిఫారీ కుమార్తెననీ, తన తండ్రి హుదైబియాలో దైవప్రవక్త (స) వెంట ఉన్నవాడనీ అన్నది.

ఖలీఫా ముందుకు అడుగు వేయలేదు. అక్కడే ఆగిపోయారు. ఆమెను దగ్గరి చుట్టంలా ఆదరించారు. ఇంట్లో కట్టేసి ఉన్న బలమైన ఒంటెపై రెండు గోతాల నిండా తిండి సరుకులు వేసి, నడుమ డబ్బూ బట్టలూ పెట్టి, పగ్గం ఆమె చేతికి అందించారు. ఇవి అయిపోయేలోగా అల్లాహ్ మరో దారి చూపిస్తాడని ధైర్యం చెప్పారు. పక్కనున్న వ్యక్తికి ఇది మరీ ఎక్కువనిపించింది. ఆ మాట అననే అన్నాడు. ఉమర్ (రజి) అతణ్ణి గట్టిగా మందలించారు. ఈమె తండ్రీ, సోదరుడూ ఒక కోటను ఎంతోకాలం ముట్టడించి జయించడం తాను కళ్ళారా చూశాననీ, ఆ కోట సొత్తులోనే ఆ తర్వాత తామందరూ వాటాలు పొందామనీ చెప్పారు.

సహీహ్ బుఖారీలో ఉన్న ఈ సంఘటనను మన ఉపన్యాసకులు ఉమర్ (రజి) దయాగుణానికి ఉదాహరణగా చెబుతూ ఉంటారు. దయ ఉంది, నిజమే. కాని ఆయన తన ఒంటెను జాలి పేరుతో సమర్థించుకోలేదు. తాను చూశానని చెప్పారు. అంటే సాక్ష్యం చెప్పారు. చనిపోయిన సైనికుడు చేసిన సేవకు, ఆ సేవను కళ్ళారా చూసిన మరో సైనికుడు ఇచ్చిన సాక్ష్యం అది. ఆ యువతి అదృష్టం ఏమంటే, సాక్షీ ఖజానా తాళంచెవీ ఒకే మనిషి దగ్గర ఉన్నాయి. తర్వాతి కాలంలో అవి రెండూ వేరైపోయాయి. తాళంచెవి ఒక దఫ్తరులో ఉంటుంది, సాక్షి ఎక్కడో మారుమూల ఊళ్ళో మంచం మీద ఉంటాడు. వాళ్ళిద్దరినీ కలపడానికి ఒక కాగితం కావాలి. ఆ కాగితం గురించే ఈ శుక్రవారం మాట్లాడుకుందాం.

సేవను బట్టి భృతి ఇచ్చే పద్ధతికి ఇస్లామీ చరిత్రలో క్రమమైన రూపం ఇచ్చినవారు కూడా ఉమర్ (రజి) గారే. హిజ్రీ 15వ ఏట అని కొందరు, 20వ ఏట అని కొందరు చరిత్రకారులు రాశారు. వంశావళులు బాగా తెలిసిన అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌యిమ్‌లను కూర్చోబెట్టి పేర్ల పట్టిక రాయించారు. దానినే దీవాన్ అన్నారు. బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారికి 5,000 దిర్హములు. తొలి ముహాజిర్లకు 4,000 దిర్హములు నిర్ణయించినప్పుడు తన కుమారుడు అబ్దుల్లాహ్‌కు మాత్రం 3,500 రాశారు. ఆయన కూడా ముహాజిరే కదా అని అడిగితే, అతణ్ణి తల్లిదండ్రులు తీసుకువచ్చారు, స్వయంగా వలస వచ్చినవారితో సమానం కాడని జవాబిచ్చారు. కన్న కొడుకు విషయంలో కూడా లేని సేవను ఉన్నట్టు రాయలేదన్నమాట. మరోవైపు, ఖుజాఆ తెగవారి పట్టికను తానే మోసుకుని ఖుదైద్ దాకా వెళ్ళి ప్రతి స్త్రీ చేతికీ ఆమె భాగం అందేలా చూశారని ఇబ్నె సఅద్ రాశారు. రాయవలసి వచ్చినప్పుడు అంత పట్టుదల, ఇవ్వవలసి వచ్చినప్పుడు అంత శ్రమ.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్క్ మైదానంలో వేలాది మంది భారతీయ సైనికులను బ్రిటిష్‌వారు జపాన్ సైన్యానికి అప్పగించారు. వారిలో ఎందరో ఆజాద్ హింద్ ఫౌజ్‌లో, అంటే ఐ.ఎన్.ఎ.లో చేరారు. 1943 జూలైలో సుభాష్ చంద్రబోస్ నాయకత్వం చేపట్టిన తర్వాత మలయా, బర్మాలలోని భారతీయ కూలీలు, గుమాస్తాలు, చిరువ్యాపారులు కూడా వచ్చి చేరారు. 1944లో ఇంఫాల్ దాకా వెళ్ళారు. ఆకలి, మలేరియా, వానలు తరుముతుంటే వెనక్కి వచ్చారు. 1945 మే నాటికి రంగూన్ కూడా చేజారింది. మిగిలినవారు జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో పడ్డారు. బ్రిటిష్ అధికారులు వారిని తెలుపు, బూడిద రంగు, నలుపు అని మూడు రకాలుగా విడదీశారు. నలుపు అంటే కరుడుగట్టినవారని అర్థం.

1945 నవంబరు 5న ఎర్రకోటలో విచారణ మొదలైంది. షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ ముద్దాయిలు. దేశమంతా కదిలిపోవడంతో యావజ్జీవ ప్రవాస శిక్షను రద్దు చేశారు. కాని ఉద్యోగం నుంచి తొలగింపు, జీతం బకాయిల జప్తు మాత్రం అలాగే ఉంచారు. ఈ రెండో సంగతిని మనం అంతగా గుర్తుపెట్టుకోలేదు. పేరున్న అధికారుల గతే అలా ఉంటే, పేరులేని సిపాయి మాట చెప్పేదేముంది? చేతిలో పైసా లేకుండా, పాత సైన్యం పింఛను లేకుండా ఇంటికి వచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వారిని తిరిగి సైన్యంలోకి తీసుకోలేదు.

మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ కూడా ఈ పోరాటంలో ఉన్నవారే. జర్మనీలో ఇంజనీరింగు చదువుకుంటూ నేతాజీకి కార్యదర్శి అయ్యారు. 1943లో ఆయన వెంట జలాంతర్గామిలో ప్రయాణించారు. జైహింద్ అనే పలకరింపు ఆయన సూచించినదేనని చెబుతారు. తర్వాత విదేశాంగ శాఖలో పనిచేసి, 1984లో కన్నుమూశారు. ఇలాంటివారికి చరిత్ర పుస్తకాలే సాక్షులు. ఎవరి ధ్రువపత్రమూ అక్కరలేదు. చిక్కంతా ఆయన వెనుక నడిచిన అనామకులకే వచ్చింది. ఓడిపోయి వెనక్కి నడుస్తున్న సైన్యం కాగితాల కట్టలు మోసుకు రాదు కదా!

1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంలో కేంద్ర ప్రభుత్వం సమరయోధుల పింఛను పథకం ప్రారంభించింది. మొదట ఆదాయ పరిమితి ఉండేది. 1980 ఆగస్టు 1 నుంచి దానిని తొలగించి, స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ పింఛను అని పేరు మార్చారు. ఇది దానం కాదు, సమ్మానం అని పేరులోనే చెప్పారు. ఐ.ఎన్.ఎ. సైనికులకూ అందులో చోటు దొరికింది. దేశం వెలుపల అనుభవించిన నిర్బంధాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. షరతు ఏమిటంటే, కనీసం ఆరు నెలల జైలు లేదా నిర్బంధం రుజువు కావాలి. స్త్రీలకూ, షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ మూడు నెలలు చాలు. విడివిడిగా అనుభవించిన కాలాలను కలిపి లెక్కవేసుకోవచ్చు.

జైలు రికార్డు దొరికితే ఇబ్బంది లేదు. దొరకకపోతే? రికార్డు లేదని రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి. దానితో పాటు ఇద్దరు తోటి ఖైదీల ధ్రువపత్రాలు జతపరచాలి. ఆ తోటి ఖైదీలు ఎవరైనా సరిపోరు. తాము కనీసం ఏడాది జైలు అనుభవించినట్టు రుజువైనవారు, దరఖాస్తుదారుతో అదే జైలులో ఉన్నవారు కావాలి. కాలం గడిచేకొద్దీ ఈ నిబంధన ఎంత బరువెక్కిందో ఆలోచించండి. ఇరవై ఏళ్ళ కుర్రవాడిగా రంగూన్ జైలులో ఉన్నవాడు 1980 నాటికి యాభై అయిదేళ్ళవాడు. సాక్షి ఆయన కంటే పెద్దవాడైతే అరవై, డెబ్బై. ఏటేటా సాక్షులు తగ్గిపోతూ వచ్చారు. అర్హత అలాగే ఉంది. దానిని చెప్పే నోరు మాత్రం మూతపడుతూ వచ్చింది.

ఆ రోజుల్లో ఏ ఊళ్ళోనైనా జరగగలిగిన ఒక సంభాషణ ఊహించుకుందాం. అప్పటికే పింఛను పొందుతున్న ఒక ముసలి సిపాయి దగ్గరికి, పాత మిత్రుడి కొడుకు వచ్చాడు. తండ్రి పక్షవాతంతో మంచాన ఉన్నాడు.

"చాచా, మా అబ్బా మీతో పాటే రంగూన్ జైల్లో ఉన్నారు కదా. ఎనిమిది నెలలని రాసి సంతకం పెట్టండి."

"బేటా, మీ అబ్బా నా పక్కనే పడుకునేవాడు. నిజమే. కాని నాకు తెలిసింది నాలుగు నెలలు. అంతకు ముందు పెగూ దగ్గర పట్టుబడ్డాడని తనే చెప్పాడు. అది నేను చూడలేదు."

"నాలుగు నెలలైతే పింఛను రాదు చాచా. ఆరు నెలలు కావాలట. మీరు ఒక్క మాట రాస్తే ఏం పోతుంది? మా అమ్మీ రోజూ మీ పేరే చెబుతోంది."

ఇక్కడ ఆ పెద్దాయన స్థానంలో మనముంటే ఏం చేస్తాం? మిత్రుడు అబద్ధాలకోరు కాడు. ఆరు నెలలు ఉండే ఉంటాడు. కుటుంబం కష్టాల్లో ఉంది. సర్కారుకు ఈ డబ్బు ఒక లెక్కా? ఇలా ఆలోచించి సంతకం పెట్టేవారిని మనం చెడ్డవారని అనలేం. మెత్తని మనసే వారి చేత అలా చేయిస్తుంది.

కాని దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 135వ ఆయతు సరిగ్గా ఈ మెత్తదనం గురించే హెచ్చరిస్తుంది. సాక్ష్యం మీకు గాని, మీ తల్లిదండ్రులకు గాని, బంధువులకు గాని వ్యతిరేకంగా పోయినా న్యాయం మీదే నిలబడమంటుంది. ఎదుటివాడు ధనికుడైనా పేదవాడైనా అల్లాహ్‌కు వారి మీద మీకంటే ఎక్కువ శ్రద్ధ ఉందంటుంది. ధనికుడికి భయపడి సాక్ష్యం మార్చేవారుంటారని మనకు తెలుసు. పేదవాడి మీద జాలితో మార్చేవారూ ఉంటారని ఆ ఆయతు గుర్తుచేస్తుంది. దైవప్రవక్త (స) మహాపాపాల గురించి చెబుతూ, అప్పటిదాకా ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చుని, అబద్ధపు సాక్ష్యం మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. ఇక చాలిస్తే బాగుండునని అక్కడున్నవారు అనుకునేదాకా అన్నారు.

అయితే మరి ఆ పెద్దాయన చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోవాలా? అదీ కాదు. బఖరా సూరా 282వ ఆయతు, పిలిచినప్పుడు సాక్షులు నిరాకరించరాదని చెబుతుంది. 283వ ఆయతు సాక్ష్యం దాచిపెట్టేవాడి హృదయాన్ని పాపం అంటుకుంటుందని చెబుతుంది. కాబట్టి మన పెద్దాయన ఇలా అనవచ్చు:

"నాలుగు నెలలు నేను రాస్తాను. తారీఖులతో, బారక్ నంబరుతో రాస్తాను. మిగతాదానికి పెగూలో ఆయనతో పట్టుబడినవాడు ఒకడుండేవాడు. నెల్లూరు వైపు మనిషి. మన రెజిమెంటువాళ్ళకు ఉత్తరాలు రాద్దాం. కలం తీసుకో."

నాలుగుకు రెండు కలిస్తే ఆరు. విడి కాలాలు కలుపుకోవచ్చని నిబంధనలోనే ఉంది. అబద్ధం రాయడానికి ఒక నిమిషం పడుతుంది, రెండో సాక్షిని వెదకడానికి ఆరు నెలలు పట్టవచ్చు. తేడా అంతే. వెదికినా దొరకకపోతే ఆ కుటుంబానికి పింఛను రాకపోవచ్చు. ఆ చేదును మేము తియ్యగా చేసి చెప్పలేం.

కళ్ళు మూసుకుని పెట్టిన సంతకాలు ఎక్కడికి దారితీస్తాయో మన పొరుగునే చూశాం. ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉండి ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న బీడ్ జిల్లాలో సమరయోధుల పింఛన్ల మీద ఆరోపణలు వెల్లువెత్తాయి. జస్టిస్ పాల్కర్ విచారణ జరిపి, తాను పరిశీలించినవారిలో ఎక్కువమంది బోగస్ అని తేల్చారు. వ్యవహారం 2005లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలాంటి వార్త వచ్చిన మర్నాటి నుంచి నష్టపోయేది ఎవరు? ఖజానా సంగతి అటుంచండి. నిజంగా జైలు అన్నం తిన్న ముసలాయన దఫ్తరులో అడుగుపెట్టగానే గుమాస్తా కళ్ళు చిట్లించి చూస్తాడు. దొంగ సంతకం పెట్టినవాడు ఒక మిత్రుడికి మేలు చేశాననుకుంటాడు, తెలియని వంద మంది మిత్రుల కాగితాలను అనుమానం పాలు చేస్తాడు.

న్యాయస్థానాలు మాత్రం ఇటువైపు కూడా చూశాయి. 1993లో ముకుంద్‌లాల్ భండారీ కేసులో, ఆలస్యంగా దరఖాస్తు చేశారన్న ఒక్క కారణంతో సమరయోధుణ్ణి తిప్పి పంపరాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసినవారు 1930ల చివర హైదరాబాదు సంస్థానంలో జరిగిన ఆర్యసమాజ ఉద్యమంలో పాల్గొన్నామని చెప్పినవారే. 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో మరో అడుగు ముందుకు వేసింది. క్రిమినల్ కేసులో అడిగినంత కఠినమైన రుజువు ఇక్కడ అడగరాదు, జరిగి ఉండడానికి అవకాశం ఎక్కువని సాక్ష్యాలను బట్టి తోస్తే దరఖాస్తుదారుకు అనుకూలంగా భావించాలి అన్నది తీర్పు సారాంశం. నిజం చెప్పే సాక్షికి ఇది బలం. రుజువు స్థాయిని తగ్గించారు కాబట్టి సాక్షి బాధ్యత మరింత పెరిగిందని మేము అనుకుంటాం.

ఒకరిని తెలుసు అనడానికి అర్థం ఏమిటి? ఒక వ్యక్తికి పూచీ ఇవ్వడానికి వచ్చినవాణ్ణి ఉమర్ (రజి) మూడు ప్రశ్నలు అడిగారని చెబుతారు. అతని రాకపోకలు, రాత్రీ పగలూ తెలిసిన పొరుగువాడివా? అతనితో డబ్బు లావాదేవీ నడిపావా? అతనితో ప్రయాణం చేశావా? మూడింటికీ లేదన్నాడు. అయితే నీకు అతను తెలియడని పంపేశారట. ఒకే బారక్‌లో పడుకున్న సిపాయి పొరుగువాడే. ఒకే రొట్టెను సగం చేసుకున్నాడు, అదీ లావాదేవీయే. ఇంఫాల్ నుంచి కలిసి నడిచాడు. ఎమ్మెల్యేల, పెద్దమనుషుల సిఫారసు ఉత్తరాల కంటే తోటి సిపాయి రెండు పంక్తులు విలువైనవి కావడానికి ఇదే కారణం. ఆశ్చర్యమేమంటే, ఎంపీ గాని ఎమ్మెల్యే గాని తోటి ఖైదీ అయితే ఒక్క ధ్రువపత్రమే చాలునని నిబంధన వెసులుబాటు ఇచ్చింది!

మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. పేర్ల చిక్కు. సైన్యంలో చేర్చుకున్న గుమాస్తా ఉర్దూలోనో ఇంగ్లీషులోనో విన్నట్టు రాసుకున్నాడు. ఊళ్ళో పట్వారీ మరోలా రాశాడు. సైన్యంలో హుసేన్ ఖాన్, ఊరి లెక్కల్లో ఉసేన్ సాహెబు, రేషను కార్డులో షేక్ హుస్సేన్. మస్తాన్ వలి ఒకచోట మస్తాన్, ఇంకోచోట వలీ సాహెబ్. ముగ్గురూ ఒకరేనని చెప్పవలసింది మళ్ళీ సాక్షే. తోటి సిపాయి రాసే కాగితంలో తాను ఆ మనిషిని ఏ పేరుతో పిలిచేవాడో, తండ్రి పేరు, ఊరు ఏమని చెప్పుకునేవాడో కూడా రాస్తే సగం గొడవ తీరుతుంది.

సిపాయి చనిపోతే పింఛను భార్యకు వస్తుంది. భార్య కూడా లేకపోతే పెళ్ళికాని కుమార్తెలకు హక్కుంది. 2016లో సవరించిన ప్రకారం ఐ.ఎన్.ఎ. వారికి నెలకు 26,000 రూపాయలు, దానిపై కరువు భత్యం నిర్ణయించారు. చిన్న మొత్తం కాదు. కాని తాను అతని భార్యనేనని ఆమె ఎలా రుజువు చేసుకుంటుంది? నిఖానామా ఉంటే ఆదుకుంటుంది. పెట్టె అడుగున చెదలు పట్టి ఉంటే, కాజీ గారి రిజిస్టరు నుంచి నకలు తీయించాలి. వలీ, వకీల్, ఇద్దరు గవాహుల పేర్లు అందులో ఉంటాయి. పెళ్ళినాడు షర్బత్ తాగి సంతకం పెట్టిన ఆ గవాహుల సంతకం యాభై ఏళ్ళ తర్వాత ఒక వితంతువు కడుపు నింపవచ్చునని ఆ రోజు ఎవరికి తెలుసు?

అడగకముందే వచ్చి సాక్ష్యం చెప్పేవాణ్ణి ఉత్తమ సాక్షిగా దైవప్రవక్త (స) పేర్కొన్నారని సహీహ్ ముస్లింలో ఉంది. హక్కు ఉన్న మనిషికి, తన తరఫున చెప్పగలిగినవాడు ఒకడున్నాడన్న సంగతే తెలియని సందర్భం గురించి ఈ మాట అని పండితులు వివరించారు. సిపాయి భార్య పరిస్థితి సరిగ్గా అదే. భర్త బారక్‌లో పక్కన ఎవరు పడుకున్నారో ఆమెకేం తెలుసు? ఆ పక్కవాడే ఆమె చిరునామా వెదుక్కుంటూ రావాలి.

ఈనాడు ఆ పక్కవారు కూడా దాదాపు వెళ్ళిపోయారు. వారి ఇళ్ళలో మాత్రం పాత ఉత్తరాలు, బృందంగా తీయించుకున్న ఫొటోలు, ఉర్దూలో పెన్సిలుతో రాసుకున్న పేర్ల జాబితాలు ఉండే అవకాశం ఉంది. తాతగారు పోయాక అలమరా సర్దుతూ వాటిని చిత్తుకాగితాల వాడికి వేయకండి. ఉర్దూ చదవడం రాకపోతే మస్జిదు ఇమాము గారి చేత చదివించండి. ఫొటో వెనుక పేర్లుంటే ఒక్కొక్కటీ రాసుకుని, ఏ ఊరి పేరు కనిపిస్తే ఆ ఊరి మస్జిదు కమిటీకి ఒక ఉత్తరం వేయండి. ఆ ఊళ్ళో ఎనభై, తొంభై ఏళ్ళ నానీ ఒకామె ఇంకా పింఛను దరఖాస్తు జవాబు కోసం చూస్తూ ఉండవచ్చు.